ఆడబిడ్డకు ఒడిబియ్యం, బండికి జనరేటర్

ముక్కుకు పైపు పెట్టుకున్న మనిషి ఇంట్ల ఉంటే ఇగ ఆ ఇల్లు కదలదని మా చిట్యాలల అందరికి నమ్మకం. మా ముసలాయనకు ఊపిరితిత్తులు సగం పని బంద్ చేసినంక డాక్టరు ఒక మిషిని రాసిచ్చిండు. అది గాలిలకెల్లి ఆక్సిజన్ తీసి పైపుల వదుల్తది. కరెంటు ఉంటేనే తీస్తది, లేకుంటే కూత పెట్టి ఊకుంటది. గట్ల గోడకు మిషినిని, మిషినికి మా ఆయనను కట్టేసినట్టయింది. చూడొచ్చినోళ్లంత నా చాయ తాగి, "ఇగ యాడికి పోతడు పాపం" అని నిట్టూర్చి పోయేటోళ్లు.

పోయినం. ఆలంపూర్ దాక పోయొచ్చినం. గట్ల అన్నోళ్లు చదవాలనే రాస్తున్న. నేను మూడో తరగతి దాక చదివిన, అది సుత పంతులు బడికొచ్చిన రోజులల్లనే. తప్పులుంటే మీరే సదురుకోండ్రి.

ఎందుకు పోయినమంటే, మా ఆయన చెల్లె బాలమ్మకు ఒడిబియ్యం పొయ్యాలె. మా దిక్కు ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, అన్నా వదినె కలిసి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిల పోస్తరు. ఆమె మొగడు బతికి ఉన్నప్పుడే పొయ్యాలె. బాలమ్మ కిందపడి మోకాలుకు రాడ్డు ఏసుకున్నది, ఆ కాలు వంగదు, మా ఊరికి రాలేదు. ఆమె మొగడు ఎనభై దాటిండు. బాలమ్మ ఫోన్ల ఏమన్నదంటే, "అన్నా, మీ బావ పొద్దుగాల లేస్తనే ఉన్నడు గని, రేపు లేస్తడని నేను జమానతు ఇయ్యను."

ఆ మాట విన్నకాన్నుంచి మా ఆయన గోడ దిక్కు తిరిగి పన్నడు. చెల్లెకు తన చేతుల తోని బియ్యం పోసినంకనే ఏమన్న కానీ అన్నడు. "ఏమన్న కానీ అంటే ఏంది?" అని గద్దించిన. "ఏమన్న అంటే ఏమన్ననే" అన్నడు. గిసొంటి మాటలు నాకు పడవు. ఇగ పోవుడే అనుకున్న.

వాకిట్ల బండి

నా కొడుకు యాదగిరి పెండ్లిండ్లకు లైట్లు, జనరేటర్లు కిరాయికి ఇస్తడు. ఎవరి పెండ్లికి పోయినా వాడు పందిట్ల ఉండడు, పందిరి ఎన్క జనరేటర్ కాడ ఉంటడు. వాని పెండ్లిల సుత, తాళి కట్టేటప్పుడు లైట్లు మినుక్కుమంటే, లేచి ఎన్కకు పోయి చూసొచ్చినంకనే కట్టిండు. పిల్ల తండ్రి అల్లుడు పారిపోయిండనుకొని ఏడ్సిండు.

వాడొక బడోళ్లు అమ్ముకున్న చిన్న బస్సు తెచ్చి వాకిట్ల నిలబెట్టిండు. సీట్లు పీకి రెండు మంచాలు బిగించిండు. ఒక పొయ్యి, నీళ్ల డ్రమ్ము, ఫ్యాను, దేవుని పటానికి ఒక చెక్క. రంగు మాత్రం మార్చలే. పసుపు రంగు బాగనే ఉన్నది, పైసలు ఎందుకు దండుగ అని నేనే ఆపిన.

జనరేటర్ ఎక్కడ పెట్టాల్నన్న కాడ లొల్లయింది. మంచం కింద జాగ ఉన్నది గద, ఆడనే పెట్టుమన్న. యాదగిరి నా దిక్కు చూసిండు. "అమ్మా, దాని పొగ మంచిది గాదు. నిద్రపోయినోణ్ణి నిద్రపోయినట్టే తీస్కపోతది" అన్నడు. అందుకని బస్సు ఎన్క భాగంల, కింద, బయటికి తెరుచుకునే ఇనుప పెట్టె కట్టిండు. లోపలికి రేకు గోడ. పెట్టెకు గాలి ఆడేటందుకు బొక్కల జాలి. పొగ గొట్టం కిటికీలు లేని దిక్కు, బండి అంచు దాటి బయటికి. జనరేటర్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు, బండి మొత్తం వణకకుండ.

ఇగ వైర్లు. ఇంట్ల పాత పెండ్లి లైట్ల వైరు చుట్టలు చుట్టలు ఉన్నది, అది వాడుమంటే వినలే. సన్న వైరు మీద బరువు పడితే వేడెక్కుతదట. మందం వైరే కొన్నడు. ఆ కోపం నేను పరుపుల మీద తీర్సుకున్న, పాత బొంతలే ఏసిన.

అన్నిట్ల నాకు నచ్చింది చేంజోవర్ స్విచ్చి. ఒక దిక్కు తిప్పితే జనరేటర్ కరెంటు, ఇంకో దిక్కు తిప్పితే బయట ఎవరింటికెల్లన్న వైరు గుంజుకున్న కరెంటు. రెండు ఒక్కసారి కలువయి. కలిస్తే మంట. నాకు చప్పున సమజయింది. మా అత్త, నేను ఒక్క పొయ్యి కాడ నిలవడ్డ రోజు ఏమయిందో ఊరంతటికి ఎరికే. ఆనాడు మా ఇంట్ల గీ స్విచ్చి ఉంటే బాగుండు.

పొద్దుగాల జనరేటర్ల నూనె చూసుడు నాకు అప్పజెప్పిండు. ఒక పుల్ల ఉంటది, తియ్యాలె, గుడ్డ తోని తుడిచి మల్ల ముంచి తియ్యాలె, గీత దాక తడి ఉన్నదా చూడాలె. గాలి పీల్చే జల్లెడ దులపాలె. ఆగి సల్లారినంకనే పెట్రోలు పొయ్యాలె. కరెంటు పోయినా మనిషి ఆగకుండ ఒక చిన్న ఆక్సిజన్ సిలిండరు మంచం కింద పెట్టినం. డాక్టరు పోయి రాండ్రి అన్నడు, సిలిండరు మరువద్దన్నడు.

బయలెల్లే నాడు వాడకట్టంత వచ్చిండ్రు. పక్కింటి ఎల్లమ్మ బండి మొత్తం చూసి, చివరికి, "అన్నీ ఉన్నయి గని వదినె, దొడ్డికి?" అన్నది. ఆమెకు ఎప్పుడు ఆడనే ధ్యాస.

కొండమల్లేపల్లి, టికెట్ అడిగిన అవ్వ

నల్లగొండ దాటినంక పసుపు రంగు ఎంత తప్పో తెలిసొచ్చింది. బస్టాండు కనిపించిన కాడల్ల మంది చెయ్యెత్తుతున్నరు. కొండమల్లేపల్లి కాడ యాదగిరి నీళ్లకని ఆపిండు. తలుపు తెరిచినమో లేదో, నా ఈడు ఆమె ఒకామె సీతాఫలాల గంప తోని ఎక్కి, మా ఆయన పక్కన మంచం మీద కూసున్నది.

"దేవరకొండకు ఒక్కటియ్యి" అన్నది నా తోని.

"ఇది బస్సు గాదు" అన్న.

"మరి గంత పెద్ద ఇల్లా?" అన్నది. అప్పుడు మా ఆయన ముక్కు పైపు చూసింది. "ఓ అయ్యో, దవాఖాన బండా?"

మా ఆయనకు ఇసొంటివి దొరికితే పండుగే. "ఔ. నువ్వు ఎక్కినవు గద, ఇగ నీకు సుత ఒక పైపు పెడ్తరు" అన్నడు.

ఆమె లేవలే. గంప సదురుకున్నది. "పెడితే పెట్టుండ్రి, దేవరకొండల దించుండ్రి" అన్నది. దింపినం. కిరాయి తీసుకుందామని నాకు ఒక్క నిమిషం మనసయింది గని, ఆమె తనంతల తనే మంచి పండ్లు ఏరి ఇచ్చింది. మా చిట్యాల అంగట్ల అసొంటివి కొంటే అడ్డగోలు ధర చెప్తరు. ఆమె దిగినంక మా ఆయన, "పోను రాను ఇదే పని చేస్తే పెట్రోలు ఎల్తది" అన్నడు. నేను అదే ఆలోచన చేస్తున్నట్టు ఆయనకు ఎట్ల తెలిసిందో.

డిండి, తలకాయ వాసన

డిండి కాడికి వచ్చేసరికి వాన మొదలయింది. రోడ్డు పక్క సైదమ్మ అని ఒకామె చాయ డబ్బా కాడ ఆపినం. రేకుల కింద నలుగురైదుగురు మొగోళ్లు వాన ఆగేదాక కూసున్నరు. యాదగిరి చాయ తాగ పోయిండు. జనరేటర్ నడుస్తున్నది, మా ఆయన మిషిని నడుస్తున్నది.

నేను దిగి చూసిన. వాన జల్లు వాలుగ కొట్టి పెట్టె జాలిలకెల్లి లోపలికి పోతున్నది. కరెంటు, నీళ్లు కలువద్దని నాకు ఎవరు చెప్పాలె? మేం గొర్లు కాసిన కులపోళ్లం. వానకు గొంగడి, సలికి గొంగడి, ఎండకు గొంగడి. ఈనిన గొర్రెకు సుత గొంగడే. మా ఆయన గొంగడి తెచ్చి జనరేటర్ పెట్టె మీద నిండ కప్పి, అంచులు చెక్కిన. లోపల పిల్ల పండుకున్నట్టు ముద్దుగ ఉన్నది. సప్పుడు సుత తగ్గింది. నా తెలివికి నేనే మురుసుకుంట పోయి చాయ తీసుకున్న.

ఉన్ని కాలితే వాసన ఎట్లుంటదో గొర్లు ఎరిగినోళ్లకు చెప్పనక్కర లేదు. ఎరగనోళ్ల కోసం చెప్తున్న. మటన్ కొట్టు కాడ తలకాయ, కాళ్లు మంట మీద కాలుస్తరు చూడు, అచ్చం గదే.

రేకుల కింద కూసున్న ఒకాయన ముక్కు ఎగబీల్చిండు. "ఎవరో తలకాయ కాలుస్తున్నరు" అన్నడు.

ఇంకొకాయన రుమాలు నెత్తి మీద ఏసుకొని వానల్నే మా బండి దిక్కు నడిసిండు. బండి ఎన్క పొగ చూసి మురిసిపోయిండు. "అవ్వా, తలకాయ ఒక్కటేనా, కాళ్లు సుత ఉన్నయా? మాకింత అమ్ముతవా?"

"జనరేటర్ తలకాయ! తింటవా?" అని చాయ గిలాస ఆడనే పెట్టి ఉరికిన.

అప్పటికే జనరేటర్ దగ్గి, తుమ్మి, ఆగింది. బండ్ల మిషిని కూత పెడ్తున్నది. యాదగిరి నాకన్న ముందు లోపలికి దుంకి సిలిండరు తీసి పైపు మార్చిండు. మా ఆయన మొఖం జర నల్లవడ్డది. రెండు మూడు సార్లు గుంజి పీల్చినంక తేరుకున్నడు. తేరుకోంగనే ఆయన మొదటి మాట ఏందో తెలుసా?

"నన్ను కాల్చకముందే నా గొంగడి కాల్చినవు గదనే."

"నోరు మూసుకొని గాలి పీల్చు" అన్న. ముక్కు కాడ పైపు సరిగ సదిరిన.

యాదగిరి బయట పెట్టె తెరిచి నిలవడ్డడు. గాలి ఆడక జనరేటర్ ఉడికిపోయింది. గొంగడి జారి పొగ గొట్టానికి ఆని కాలింది. ఆ వేడికి జనరేటర్ కాన్నుంచి చేంజోవర్‌కు పోయే వైరు మీది తోలు కరిగి కారింది. జల్లెడ నిండ ఉన్ని.

"గొంగడి కప్పితే వాన ఆగదా?" అన్న. అడగకముందే అనుడు నా అలవాటు.

"ఆగింది, అమ్మా. వాన ఆగింది, జనరేటర్ సుత ఆగింది" అన్నడు. అరిస్తే బాగుండు.

సిలిండరు మీటరు ముల్లు కిందికి దిగుతనే ఉన్నది. ఎవరిని అడగాల్నా అని నేను చూసేలోపల సైదమ్మ తన డబ్బాల నుంచి పొడుగు వైరు చుట్ట పట్టుకొని వచ్చింది. "అవ్వా, మీ బండికి బయట పిన్ను ఉన్నదా?"

ఉన్నది. చేంజోవర్ ఇంకో దిక్కు తిప్పినం. మిషిని గుర్రుమన్నది. సిలిండరు సగంల ఆగింది.

"కరెంటుకు ఎంతియ్యాలె బిడ్డా?" అన్న.

"మంచినీళ్లకు ఎంతియ్యాలెనో గంతే" అన్నది. మా నల్లగొండ దిక్కు మంచినీళ్లకే డబ్బాలు కొనుక్కుంటమని నేను చెప్పలే. చెప్తే ఆ లెక్కన అడుగుతదేమో.

లంగాకు నాడ ఎక్కించినట్టు

తెల్లారి యాదగిరి ఆటో పట్టి అచ్చంపేట పోయి కొత్త వైరు, దాని మీద వేసే వేడి తట్టుకునే గొట్టం తెచ్చిండు. ఈ సారి వైరును పొగ గొట్టానికి దూరంగ, వేరే తొవ్వల తెస్తన్నడు. ఆ తొవ్వల బండి కింద వంకర టింకర పైపు ఉన్నది, దాంట్లకెల్లి వైరు దూరాలె. ఇండ్లల్ల వైరు గుంజే స్ప్రింగు ఇంటి కాడ మరిచి వచ్చిండు. వైరు నెట్టుతడు, మూల కాడ ఆగుతది. మల్ల గుంజుతడు. రెండు గంటలు బండి కింద పండి తిట్టుకున్నడు.

"జరుగు" అన్న.

"అమ్మా, గిది కరెంటు పని."

"లంగాకు నాడ ఎక్కించే పని గూడ గిట్లనే ఉంటది."

నాడ కొసకు పిన్నీసు పెట్టి, బట్టను ముడుచుకుంట జరుపుతం గద. పైపును ముడువలేం, బండినైతే ఊపొచ్చు. సైదమ్మ కాడ సన్న దారం తీసుకొని, దాని కొసకు నట్టు కట్టి పైపుల వదిలిన. రేకుల కింది మొగోళ్లను పిలిచి బండిని ఒక దిక్కు ఊపుమన్న. నిన్న తలకాయ అడిగినాయనే అందరికన్న గట్టిగ ఊపిండు. నట్టు గలగలమనుకుంట ఇంకో కొసకెల్లి రాలింది. దారానికి తాడు, తాడుకు వైరు కట్టి యాదగిరి గుంజుకున్నడు.

ఊపినంత సేపు మా ఆయన లోపలనే ఉన్నడు. "భూకంపమా? తొట్టెలనా? ఏదో ఒకటి చెప్పుండ్రి" అని అరిసిండు.

ఇంత పని నడుస్తుంటే సైదమ్మ చాయ మంచిగ అమ్ముడువోయింది. రోడ్డు మీద పోయేటోళ్లు ముక్కు పైపు పెట్టుకొని బస్సు కిటికీల కూసున్న మనిషిని చూసేటందుకు ఆగుతున్నరు. మా ఆయన ఆగినోళ్లకల్ల ఒక్కో కత చెప్పిండు. ఒకరికి ఇది పుట్టుకతోనే ఉన్న పైపన్నడట. నేను పొద్దుగాల బియ్యప్పిండి తోని చేసిన తపాలచెక్క సైదమ్మకు ఇచ్చిన. "గింత నూనె తక్కువ పోసి ఎట్ల చేసినవు అవ్వా?" అన్నది. పొగిడిందో ఎక్కిరించిందో ఇప్పటికీ తేలలే.

పాలమూరు రొట్టె

నాగర్‌కర్నూల్, వనపర్తి తొవ్వల తిండి మారింది. మేం అన్నం మనుషులం. ఆడ జొన్న రొట్టె అగ్గువ, అన్నం పిరం, ధర ఎక్కువ. వనపర్తి కాడ ఒకామె రోడ్డు పక్క చేత్తోనే రొట్టె తట్టుతున్నది. పీట లేదు, కర్ర లేదు. రొట్టె గుండ్రంగ చంద్రుని లెక్క. పక్కకు పల్లీల చట్ని, పచ్చి ఉల్లిగడ్డ. నేను ఇంటి కాడ తట్టితే దేశం పటం వస్తది. మా ఆయన రెండో రొట్టె అడిగిండు. ఇంటి కాడ అర ముద్ద తిని చేతులు కడిగే మనిషి. నేను ఏమనకుండ ఇంకొకటి తెప్పించిన.

ప్రతి పొద్దు నూనె పుల్ల తీసి చూసుడు, జల్లెడ దులుపుడు నేను మరువలే. రోడ్డు దుమ్ము ఎంత మింగుతదో ఆ జల్లెడ చూస్తే తెలుస్తది. గంట గంటకు దిగి గొట్టం కాడ ఏమన్న ఆనుతున్నదా చూసిన. నా చేతుల గుడ్డ పేలిక చూసినా యాదగిరి, "మల్ల దేని మీద కప్పకు అమ్మా" అనేటోడు.

బీచుపల్లి కాడ కృష్ణ దాటుతుంటే అందరు కిటికీలకెల్లి పైసలు ఏస్తరు. మా ఆయన నా దిక్కు చెయ్యి చాపిండు. నేను కొంగు ముడి ఇప్పి ఒక్క రూపాయి ఇచ్చిన. "నది గింత పెద్దగున్నది" అన్నడు. "నది పెద్దగున్నదని నా కొంగు పెద్దగయిందా?" అన్న.

ఆలంపూర్ల జోగులాంబ తల్లిని నేను దర్శనం చేసుకున్న. మా ఆయన గేటు బయట బండ్లనే ఉండి అక్కడికెల్లే దండం పెట్టిండు. గుడి కాడ ఉగ్గాని, మిర్చి బజ్జి తిన్నం. మరమరాలు నీళ్లల్ల తడిపి పోపు పెడ్తరు. మరమరాలు కరకరలాడకుంటే ఎందుకు అని నేను అన్న గని, గిన్నె నాకి పెట్టిన.

అల్లుడు ఎత్తిన బటను

బాలమ్మ ఊరు ఆలంపూర్ పక్కనే. బండి వాళ్లింటి ముందటి దాక పోయింది. ఇంటికి మెట్లు ఎత్తుగున్నయి. మా ఆయన ఎక్కలేడు. బాలమ్మ నాలుగు కాళ్ల కర్ర పట్టుకొని, వంగని కాలు ఈడ్సుకుంట అరుగు మీదికి వచ్చింది. అన్న ఇటు, చెల్లె అటు. ఇద్దరు ఒకరినొకరు చూసుకొని ఏడుస్తరనుకున్న.

"గింత బక్కగయినవేంది?" అన్నది ఆమె.

"నా వాటా గూడ నువ్వే తిన్నవు గద" అన్నడు ఈయన.

బియ్యం కలుపుతుంటే ఊరి ఆడోళ్లు చేరిండ్రు. అండ్ల ఒక పెద్దామె మొఖం ముడుచుకొని, "ఒడిబియ్యం పుట్టింట్ల పొయ్యాలె. అత్తింటి అరుగు మీద పోస్తే అది ఒడిబియ్యమెట్లయితది?" అన్నది. అందరు నిజమే అన్నరు. బాలమ్మ మొఖం చిన్నగయింది. ఇంత దూరం వచ్చి గీ మాట అనిపించుకునుడా?

"ఇటు రా పెద్దమ్మా" అని ఆమెను బండి కాడికి తీసుకపోయిన. "గిదేంది? పొయ్యి. గదేంది? దేవుడు. తలుపు ఉన్నది, గడప ఉన్నది, గడపకు పసుపు నేనే రాసిన. లోపల ఆమె అన్న ఉన్నడు, సణుగుడుకు వదినె ఉన్నది. పుట్టింటికి ఇంకేం కావాలె?"

పెద్దామె బండి చుట్టు తిరిగొచ్చింది. "చక్రాలున్నయి గద" అన్నది.

"ఆడబిడ్డ రాలేకుంటే పుట్టిల్లే రావాలె గద. అందుకే పెట్టించినం."

ఇగ ఆమె పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది. బాలమ్మను కుర్చీల కూసోబెట్టి, కుర్చీతోనే లేపి బండి ఎక్కించిండ్రు. మా ఆయన ఎదురుంగ మంచం మీద కూసోబెట్టిండ్రు. వంగని కాలు నడిమి తొవ్వకు అడ్డం చాపింది. రైలు గేటు ఏసినట్టే.

ఆ రోజు ఊర్ల కరెంటు లేదు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలి పొద్దటి సంది రిపేరు నడుస్తున్నది. మా జనరేటర్ ఒక్కటే నడుస్తున్నది. యాదగిరి పెట్రోలుకని ఆలంపూర్ పోయిండు. వాడు లేడని చూసి ఆడోళ్లు బండి పిన్నులల్ల ఫోన్లు పెట్టిండ్రు. పోనీ అనుకున్న.

మా ఆయన లేచి నిలవడ్డడు. కూసొని పొయ్యుమంటే వినలే. ఇద్దరం దోసిళ్లు నింపుకున్నం. బాలమ్మ పోచంపల్లి చీర కొంగు పట్టింది. ఒకసారి పోసినం. రెండోసారి పోసినం. ఆయన దోసిట్లకెల్లి ఒక్క గింజ కింద పడలే. ఇంకోసారి దోసిళ్లు నింపుకున్నమో లేదో, ఫ్యాను ఆగింది. మిషిని కూత పెట్టింది.

అప్పుడు తెలిసింది. ఎవరో పుణ్యాత్మురాలు అల్లుని, అంటే బాలమ్మ మొగని, స్నానానికి నీళ్లు కాగాలని, మా పిన్నుల నీళ్లు కాచే రాడ్డు పెట్టింది. బరువు మోయలేక మెయిన్ బటను కిందికి పడి కరెంటు ఆగింది.

నా దోసిట్ల బియ్యం. అది ఒడిలనే పడాలె, ఎన్కకు పొయ్యొద్దు, కింద పెట్టొద్దు. ఇద్దరం కలిసే పొయ్యాలె. ఈయన కొంగు మీదికి చెయ్యి తెస్తున్నడు గని అది వస్తలేదు, పెదవుల రంగు మారుతున్నది. నడుమ బాలమ్మ కాలు. ఒడి పట్టిన ఆడబిడ్డను దాటుతరా? సిలిండరు ఆమె కూసున్న మంచం కింద. ఆడోళ్లంత బండి బయట కిటికీల కాడ ఉన్నరు; తలుపు కాడ, బటన్ల బోర్డు పక్కన, ఖాళీ చేతుల తోని ఒక్కడే ఉన్నడు. బాలమ్మ మొగడు. చూపు ఆనదు, చెవులు సగం.

"అన్నా! ఆ రాడ్డు పీకు!" అని అరిసిన.

"రోడ్డా? ఏ రోడ్డు చెల్లె?"

"నీళ్ల రాడ్డు! నీ పక్కకే!"

బాలమ్మ ఒడిల బియ్యం తోని కదలకుండ గొంతెత్తింది. "ఓ ముసలోడా! నీ స్నానం పాడుగాను, ఆ వైరు గుంజు!"

ఆ గొంతు ఆయన చెవులు గుర్తు పట్టినయి. గుంజిండు. "నల్ల బటను మీదికి ఎత్తన్నా!" అన్న. ఒకటి ఎత్తిండు, లైటు స్విచ్చి. ఇంకొకటి ఎత్తిండు, ఏం గాలే. చెయ్యి తడుముకుంట తడుముకుంట పెద్దది దొరకబట్టి రెండు చేతుల తోని పైకి కొట్టిండు. ఫ్యాను తిరిగింది. మిషిని గుర్రుమన్నది.

మా ఆయన కండ్లు మూసుకొని పీల్చిండు. కొన్ని ఊపిర్లు అయినంక కండ్లు తెరిచి, "ఇగ పొయ్యవే, చేతులు నొస్తున్నయి" అన్నడు. పోసినం. మిగిలినయి సుత పోసినం. చివరి దోసిలి పోసినంక ఆయన చెల్లె నెత్తి మీద చెయ్యి పెట్టిండు. పసుపు చెయ్యి, ఆమె తెల్ల ఎంటికలల్ల పసుపయింది. తుడుచుకోలే.

యాదగిరి వచ్చి సంగతి విన్నంక, ఆ పూటనే మిషినికి వేరే వైరు, వేరే బటను పెట్టిండు. ఇంట్ల గిట్ల మిషిని ఉన్నోళ్లు ఎవరన్న బండి కట్టిస్తే గది ముందే పెట్టించుకోండ్రి.

పుట్టింటి నిద్ర

బియ్యం పోసినంక బాలమ్మను దించుదామని మొగోళ్లు కుర్చీ పట్టిండ్రు. "ఆగుండ్రి. పుట్టింటికొచ్చి ఒక్క నిద్రన్న చెయ్యకుండ పోతరా? నేను రాను" అన్నది.

"మరి నాకు బువ్వ?" అన్నడు ఆమె మొగడు తలుపు కాడికెల్లి.

"మీ ఇంట్ల వండుకో."

వాళ్ల ఇల్లు ఆడనే కనిపిస్తున్నది. నా మంచం ఆమెకు పోయింది. నేను కింద బొంత ఏసుకున్న. అన్నాచెల్లెండ్లు చిన్నప్పుడు తప్పిపోయిన ఏదో గొర్రె గురించి ఎవరిది తప్పని తెగ కొట్లాడిండ్రు.

పొద్దుగాల నూనె పుల్ల చూద్దామని దిగిన. బాలమ్మ మొగడు వస్తున్నడు. ఉతికిన ధోతి, భుజం మీద కొత్త తువ్వాల, నెత్తికి నూనె. అరుగు దిగి, వాకిలి దాటి, మా బండి ముందట నిలవడి దగ్గిండు.

"చెల్లె, నా పెండ్లాన్ని తీస్కపోవొచ్చిన. అల్లుడొచ్చిండని చెప్పు."

"రా అన్నా, కూసో."

కూసోలే. "నీళ్లిచ్చి కాళ్లు కడగరా? కోడి కొయ్యరా? గిదేనా పుట్టింటి మర్యాద?" అన్నడు. "బటను ఎత్తినోణ్ణి నేను."

ఆ మాట నిజం. నేను వాళ్ల వాకిట్ల తిరిగే పుంజు దిక్కు చూసిన. మంచి పుంజు, పైసలు పెట్టేది లేదు.

లోపలికెల్లి బాలమ్మ కేకేసింది. "వదినె! ఆ చూపు నాకు ఎరికే. నా ఇంటి కోడిని కోసి నా మొగనికే పెడ్తే పుట్టింటి ఇజ్జత్ ఏమైతది?"

మా ఆయన లోపల నవ్వుతున్నడు. నవ్వు దగ్గయి, దగ్గు మల్ల నవ్వయింది, బాలమ్మ గూడ కలిసింది. మిషిని సప్పుడు వినస్తలేదు. పనిజేస్తున్నదా అని నేను ఉరికి పోయి చూసిన. చేస్తున్నది.

ఇగ కొంగు ముడి ఇప్పుకుంట పక్కింటికి పోయి ఒక పుంజును కొన్న. బేరం మాత్రం ఇడువలే. ఆ పక్కింటామె చివరికి ఇసిగి, నేనన్న ధరకే ఈకల తోని సహా పట్టుకపొమ్మన్నది.